మోయదగ్గ గాజు

అద్దం పోయింది గానీ బరువు పోలేదు. 2008లో పానాసోనిక్ లుమిక్స్ జి1 వచ్చినప్పుడూ, 2013లో సోనీ ఏ7 ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌ను చిన్న బాడీలో ఇమిడ్చినప్పుడూ, 2018లో కెనాన్, నికాన్ కూడా ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌తో అదే దారి పట్టినప్పుడూ ప్రయాణికుడి చెవిలో పడ్డ మాట ఒక్కటే: ఇక సంచి తేలిక. బాడీ తేలికైన మాట వాస్తవం. కెనాన్ 5డి మార్క్ 4 బ్యాటరీతో కలిపి 890 గ్రాములు తూగితే, ఈఓఎస్ ఆర్ 660 తూగింది. మరి లెన్సు సంగతి? అదే కంపెనీ పాత 24-70 ఎఫ్/2.8 రెండో తరం లెన్సు 805 గ్రాములు. మిర్రర్‌లెస్ కోసం చేసిన ఆర్‌ఎఫ్ లెన్సు 900. కొత్తదాంట్లో చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు అదనంగా ఉందని కంపెనీ తరఫున చెప్పొచ్చు. భుజానికి ఆ వివరణ పట్టదు. నికాన్ కథ దీనికి ఎదురు: అక్కడ ఇలాంటి లెన్సే 1070 గ్రాముల నుంచి 805కి దిగింది.

కొన్ని లెన్సుల బరువు తగ్గి, కొన్నిటిది తగ్గకపోవడానికి కారణం ఉంది. అద్దం తీసేస్తే లెన్సు బిగించే చోటుకీ సెన్సర్‌కీ మధ్య దూరం తగ్గుతుంది. నికాన్ పాత ఎఫ్ మౌంటులో 46.5 మి.మీ. ఉన్నది జడ్ మౌంటులో 16 మి.మీ. అయింది, సోనీ ఈ మౌంటులో 18. వెనక గాజును సెన్సర్ దగ్గరికి జరపగలిగారు కాబట్టి వైడ్ లెన్సులు బాగా చిక్కాయి. నికాన్ జడ్ 14-30 ఎఫ్/4 బరువు 485 గ్రాములే, పైగా ముందు 82 మి.మీ. ఫిల్టర్ మామూలుగా మర తిప్పి బిగించుకోవచ్చు. వెనకటి 14-24 జూమ్‌కు ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండి ఆ వీలే లేదు. టెలిఫోటో దగ్గర ఈ లాభం ఆగిపోతుంది. 200 మి.మీ., ఎఫ్/2.8 అన్నామంటే ముందు గాజు వ్యాసం 70 మి.మీ. దాటాల్సిందే. అద్దం ఉన్నా లేకపోయినా ఆ భాగహారం మారదు.

కాబట్టి ప్రయాణానికి ఏ లెన్సులు, ఏ ఫిల్టర్లు అన్న పాత ప్రశ్న పాతగానే మిగిలింది. దుకాణంలో అడిగితే వైడు నుంచి టెలీ వరకు ఎఫ్/2.8 జూమ్‌లు మూడు, వాటికి తగ్గ ఫిల్టర్ల డబ్బా ఒకటి చూపిస్తారు. ఇంకో కొసన ఒక బాడీ, ఒక 35 మి.మీ. లెన్సు చాలు, తక్కినదంతా లంపటం అనే వైరాగ్యవాదులు ఉన్నారు. ఇద్దరిదీ పూర్తిగా తప్పని అనలేం. అయితే ఇద్దరికీ లేని కొలబద్ద ఒకటి కావాలి. నాకు నమ్మకం కుదిరింది ఇది: ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని చేయగలిగినదాన్ని భుజాన మోయక్కర్లేదు. అక్కడ, ఆ వెలుతురులో, ఆ క్షణంలో తప్ప పట్టుబడనిదేదో దాన్నే మోయాలి. ఈ కొలత పెట్టి చూస్తే కొన్ని ఖరీదైన వస్తువులు ఇంట్లోనే ఉండిపోతాయి, చవకవి కొన్ని తప్పనిసరి అవుతాయి.

సెన్సర్ కొలత గురించి ఎక్కువ చెప్పను. ఫుల్‌ఫ్రేమ్ 36×24 మి.మీ.; ఏపీఎస్-సి సుమారు 23.5×15.6, మైక్రో ఫోర్‌థర్డ్స్ 17.3×13. దృశ్యకోణం లెక్కకు ఏపీఎస్-సిలో ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో, కెనాన్ అయితే 1.6తో, మైక్రో ఫోర్‌థర్డ్స్‌లో 2తో గుణించుకోవాలి. ఎక్స్‌పోజర్ మారదు గానీ నేపథ్యం మసకబారే తీరు మారుతుంది. మైక్రో ఫోర్‌థర్డ్స్‌లో ఎఫ్/2.8 ఇచ్చే డెప్త్ ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్/5.6 ఇచ్చేదానికి సమానం. ప్రయాణాల్లో కొండ, కోట, గుడి, జనం అన్నీ స్పష్టంగా ఉండాలనే చూస్తాం గనక ఇది లోపమేమీ కాదు, ఒక్కోసారి మేలే. బరువు అసలు సమస్య అయినవాళ్లకు ఏపీఎస్-సి ఇప్పటికీ మంచి బేరం. సిగ్మా 18-50 ఎఫ్/2.8 లెన్సు 290 గ్రాములు. ఫుల్‌ఫ్రేమ్‌లో ఆ వెలుతురుతో ఆ పరిధి కావాలంటే దాదాపు రెట్టింపు మోయాలి.

అసలు తగాదా జూమ్ దగ్గర. ఒక్క లెన్సుతో ఊరంతా చుట్టి రావాలనుకునేవాళ్ల కోసం సూపర్‌జూమ్‌లు ఉన్నాయి: సోనీకి టామ్రాన్ 28-200, నికాన్‌కు జడ్ 24-200, ఏపీఎస్-సికి టామ్రాన్ 18-300. ఒకప్పుడు ఇలాంటి లెన్సులను ఫొటోగ్రాఫర్లు ఎగతాళి చేసేవారు. ఇప్పుడు ఆ ఎగతాళి చెల్లదు. మిర్రర్‌లెస్‌లో వంకర గీతలను కెమెరాయే సరిచేసి వ్యూఫైండర్‌లో చూపిస్తుంది గనక, తయారీదారులు ఆ పనిని గాజు మీద నుంచి సాఫ్ట్‌వేర్ మీదికి నెట్టి, మిగిలిన శ్రమను స్పష్టత మీద పెట్టారు. 575 గ్రాముల టామ్రాన్ 28-200 వెడల్పు కొసన ఎఫ్/2.8 ఇవ్వడం కూడా చిన్న విషయం కాదు.

అయినా వీటితో రెండు పేచీలున్నాయి. మొదటిది టామ్రాన్ 28-200లోని ఆ 28. కాగితం మీద 24కూ 28కీ నాలుగే తేడా; కోణంలో చూస్తే 84 డిగ్రీలకు బదులు 75. గుడి ప్రాకారంలో గోడకు వీపు ఆనించి నిలబడ్డాక వెనక్కి జరగడానికి చోటుండదు కదా, అప్పుడు ఆ తొమ్మిది డిగ్రీల విలువ తెలుస్తుంది. కంప్యూటర్ ఫొటోను కత్తిరించగలదు. ఫ్రేములోకి రాని గోపురం కొసను తెచ్చి అతికించలేదు. అతికిస్తే అది ఫొటో కాదు. రెండోది సాయంత్రం. 200 మి.మీ. దగ్గర ఎఫ్/5.6 లేదా 6.3తో చార్మినార్ చుట్టూ రంజాన్ రాత్రి సందడిని తీయబోతే ఐఎస్ఓ ఆకాశానికంటుతుంది. లెక్క చూడండి: ఎఫ్/1.8 నుంచి ఎఫ్/4కు వెళ్తే వెలుతురు ఐదో వంతుకు పడిపోతుంది. ఐఎస్ఓ 1600తో పోయే పని 8000 అడుగుతుంది. సెన్సర్ వణుకు నివారణ ఇక్కడ ఆదుకోదు. 2012లో ఒలింపస్ ఈ-ఎం5తో మొదలైన ఐదు అక్షాల స్టెబిలైజేషన్ ఇవాళ అర సెకను దాకా చేతిని నిలబెడుతుంది, నిజం. కానీ అది నిలబెట్టేది తీసేవాడి చేతిని. గాజుల దుకాణం ముందు బేరమాడుతున్న మనిషి కదలకుండా ఆగదు. ఆ మనిషికి 1/125 సెకను కావాలి, దానికి వెడల్పైన అపర్చర్ కావాలి.

ఇలా చూస్తే ప్రయాణికుడికి సరిపోయే జత తేలుతుంది: పగటికి 24 లేదా అంతకన్నా వెడల్పుగా మొదలయ్యే ఎఫ్/4 జూమ్ ఒకటి, చీకటికి ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 ప్రైమ్ ఒకటి. సోనీ 24-105 ఎఫ్/4 663 గ్రాములు, నికాన్ జడ్ 24-120 ఎఫ్/4 630. 2023లో వచ్చిన సోనీ 20-70 ఎఫ్/4 488 గ్రాములే. దూరాన్ని వదులుకుని వెడల్పును ఎంచుకున్న ఆ లెన్సు ఈ మధ్య ప్రయాణాల కోసం వచ్చినవాటిలో తెలివైనదని నా అభిప్రాయం. 70 దాటాక కావాలంటే కత్తిరించుకోవచ్చు. కదలకుండా ఒకే చోట నిలబడి తీస్తే, కత్తిరించిన 70కీ 105కీ పర్‌స్పెక్టివ్‌లో తేడా ఉండదు. అది దూరాన్ని బట్టి వస్తుంది, లెన్సును బట్టి కాదు. 61 మెగాపిక్సెళ్ల సెన్సర్‌ను ఏపీఎస్-సి మేరకు కత్తిరించినా 26 మిగులుతాయి. వైడు వైపు ఈ సర్దుబాటు కుదరదు. అందుకే పోగొట్టుకుంటే దూరం పోగొట్టుకోవడం మేలు.

దీనికి ఎదురు వాదనలో బలం లేకపోలేదు. పాలంపేటలో రామప్ప గుడి చూడండి. 1213 నాటి ఆ ఆలయంలో చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలు తల ఎత్తి చూసే ఎత్తున ఉన్నాయి. కిందనే నిలబడి వైడ్‌తో తీస్తే పాదాలు పెద్దవై తల చిన్నదై శిల్పి కొలత చెడిపోతుంది. వెనక్కి నడిచి 85 నుంచి 135 మధ్య తీస్తేనే ఆ నడుము వంపు ఉన్నట్టుగా వస్తుంది. ఇక్కడ 20-70 వాడేవాడు కత్తిరిస్తాడు, 24-120 వాడేవాడు తిప్పుకుంటాడు, మడత మడతలో ఉలి పనితనం చూపించాలంటే రెండోవాడిదే పైచేయి. శిల్పం కోసం ఊళ్లు తిరిగేవాళ్లు 120 దాకా వెళ్లే జూమ్‌నే తీసుకోవాలి. గండికోటలోనూ అంతే, కాకపోతే కారణం వేరు. పెన్న లోయ అంచున నిలబడగానే అందరి చేయీ వైడ్ మీదికే పోతుంది. తీరా చూస్తే లోయ చిన్నదై, అడుగున నది గీతై, ముందున్న బండరాయి మహాకాయమై కూర్చుంటుంది. 50-70 మధ్య ఒక మలుపును మాత్రం ఎంచుకుని, ఎదుటి అంచున నిలబడ్డ మనిషి కొలత కోసం ఫ్రేములో ఉండేలా చూస్తే లోతు తెలుస్తుంది. వైడ్ లెన్సు దగ్గరివాటిని పెంచే సాధనం. విశాలాన్ని చూపే పని దానికి అంత బాగా రాదు.

ప్రైమ్ ఎంత ఉండాలి? కార్టియే-బ్రెసాన్ జీవితంలో ఎక్కువ భాగం 50తో గడిపాడు; స్టీవ్ మెకరీ 1984లో తీసిన అఫ్గాన్ బాలిక చిత్రం 105 ఎఫ్/2.5తో వచ్చింది. మహానుభావుల లెన్సులు చూసి కొనడం మొదలుపెడితే ఇల్లు చాలదు. మన సందులకు, టీ కొట్లకు, అన్నదాన సత్రాలకు 35 కుదురుతుంది. 50తో ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం దొరుకుతుంది, ఆయన కూర్చున్న చోటు దొరకదు. లేపాక్షి మండపం కప్పు మీది చిత్రాలకూ ఈ 35యే పనికొస్తుంది: అక్కడ వెలుతురు తక్కువ, రంగులకు చేటు గనక ఫ్లాష్ వేయకూడదు, కెమెరాను ఛాతీకి ఆనించి తెర చూస్తూ పైకి తీయాలి. తెరను మడిచి తిప్పుకునే సౌకర్యం ఉన్న కెమెరా విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది.

నేలపట్టు గూడబాతుల కోసం, పులికాట్ రాజహంసల కోసం అని 70-200 కొనేవాళ్లకు ఒక మాట. ఆ పక్షులకు 200 చాలదు. 400, ఆపైన ఉండాలి. అది వేరే సంచి, వేరే ప్రయాణం. రెంటినీ కలపబోతే రెండూ చెడతాయి.

మౌంటు ఎంపిక లెన్సు ఎంపిక కన్నా ముందే జరిగిపోతుంది, చాలామందికి ఆ సంగతి తర్వాత తెలుస్తుంది. సోనీ తన ఈ మౌంటు ప్రాథమిక వివరాలను 2011లోనే ఇతర తయారీదారులకు ఇచ్చింది. అందుకే సిగ్మా, టామ్రాన్ చవక లెన్సులు అక్కడ కుప్పలుగా ఉన్నాయి. కెనాన్ తన ఆర్‌ఎఫ్ మౌంటు తలుపు 2024లో ఏపీఎస్-సి లెన్సులకు మాత్రం ఓరగా తెరిచింది. మధ్యతరగతి జేబుకు ఈ ఒక్క తేడా, బాడీల మీద జరిగే పోలికలన్నిటికన్నా ముఖ్యం.

ఇక ఫిల్టర్లు. మొదట చెప్పిన కొలబద్ద బాగా పనిచేసేది ఇక్కడే. ఫిల్మ్ రోజుల్లో ఫిల్టర్లు డబ్బా నిండా ఉండేవంటే అర్థముంది: పసుపుది, ఎర్రది, గోధుమరంగుది, బల్బు వెలుతురుకు నీలంది. ఇవాళ వైట్ బ్యాలెన్స్ అన్న ఒక్క మీట వాటిలో చాలావాటిని అటకెక్కించింది. యూవీ ఫిల్టర్ కూడా అటకెక్కాల్సిందే. ఫిల్మ్‌కు అతినీలలోహిత కిరణాలు తగిలేవి. డిజిటల్ సెన్సర్ ముందు వాటిని ఆపే పొర ముందే ఉంది. మరి ఇప్పటికీ లెన్సుతో పాటు యూవీ ఎందుకు అంటగడుతున్నారంటే, రక్షణ అంటారు. సముద్రపు తుంపర, హోలీ రంగు, మేడారం జాతర దుమ్ము ఉన్న చోట ఆ వాదన ఒప్పుకోవచ్చు. మిగతా చోట హుడ్ బిగిస్తే చాలు. దెబ్బను అదే కాస్తుంది, అడ్డంగా పడే ఎండనూ ఆపుతుంది. రాత్రిపూట దీపాల ముందు మాత్రం రక్షణ ఫిల్టర్ తీసేయాలి. అదనపు గాజు మీద పడి తిరిగొచ్చిన వెలుతురు, ఆకాశంలో తలకిందులుగా ఇంకో దీపాల వరసను వేలాడదీస్తుంది.

పోలరైజర్ వేరే సంగతి. వంద ఫిల్టర్లలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఇదే. ఆకాశాన్ని నీలం చేస్తుందని దాన్ని పొగుడుతారు గానీ ఆ పని కంప్యూటర్ కూడా చేస్తుంది. అసలు శక్తి మెరుపును తీసేయడంలో ఉంది. కోనసీమలో మిట్టమధ్యాహ్నం కొబ్బరాకు పచ్చగా కనిపించదు. ఆకాశపు తెలుపు దాని మీద పూతలా పరుచుకుని ఉంటుంది. పోలరైజర్ తిప్పితే ఆ పూత లేచిపోయి కింది పచ్చదనం బయటపడుతుంది. అది కెమెరా లోపలికే రాకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ తెస్తుంది? తడిసిన రాయి, చెరువు అడుగు, నూనె రాసినట్టు మెరిసే రామప్ప నల్లరాతి స్తంభాలు, అన్నిటికీ ఇదే వరస. నున్నని రాతి మీద పక్కనుంచి పడే వెలుతురు చెక్కడాన్ని కప్పేస్తుంది. సుమారు 55 డిగ్రీల వాలు నుంచి చూస్తూ ఫిల్టర్ తిప్పితే గీతలు తేలతాయి. లోహానికి మాత్రం ఇది పనిచేయదు. ఇత్తడి ధ్వజస్తంభం ముందు ఎంత తిప్పినా వృథా.

దానికీ పరిమితులున్నాయి. సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న ఆకాశంలోనే దాని పట్టు ఎక్కువ. సూర్యుడికి ఎదురుగా దాదాపు శూన్యం. అందుకే 20 మి.మీ. లెన్సుకు తగిలిస్తే ఆకాశంలో ఒక పక్క ముదురు మచ్చ పడి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. రాజమండ్రిలో సాయంత్రం గోదావరి నీటి మీద వంతెన నీడ పడ్డప్పుడు దీన్ని తీసి జేబులో వేసుకోవాలి. మనకు కావలసిన ప్రతిబింబాన్నే అది మింగేస్తుంది. అరకు వెళ్లే రైలు అద్దాల పెట్టెలో కూర్చుని, గాజు మీది ప్రతిబింబాలు పోతాయన్న ఆశతో పెట్టేవాళ్లున్నారు. కొంత పోతాయి. బదులుగా గట్టిపరచిన గాజులోని ఒత్తిళ్లు ఇంద్రధనుస్సు మచ్చలై బయటపడొచ్చు. విమానం కిటికీలో అయితే ఇది మరీ ఎక్కువ. లెన్సును గాజుకు ఆనించి, నల్లబట్ట చుట్టుకోవడం చవకైన మందు. ఇంకో చిన్న విషయం: సర్క్యులర్ పోలరైజరే కొనాలన్న నియమం ఎస్ఎల్ఆర్‌లోని సగం వెండిపూత అద్దం వల్ల వచ్చింది. ఆ అద్దం లేని కెమెరాలో పాత లీనియర్ పోలరైజర్ కూడా పనికొస్తుంది. ఇంట్లో తాతగారి పెట్టెలో ఒకటి ఉంటే తీసి చూడండి.

ఎన్‌డీ ఫిల్టర్ పని వెలుతురును తగ్గించి కాలాన్ని సాగదీయడం. ఎన్‌డీ8 మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), ఎన్‌డీ64 ఆరు, ఎన్‌డీ1000 పది. ఆదిలాబాద్ జిల్లా కుంతాల జలపాతం దగ్గర నీడలో 1/60 వస్తుందనుకోండి. ఎన్‌డీ64తో అది సుమారు ఒక సెకను, ఎన్‌డీ1000తో పదిహేడు సెకన్లు. పదిహేడు సెకన్ల నీరు నీరులా ఉండదు, దూది పరిచినట్టుంటుంది. పావు సెకను నుంచి ఒక సెకను లోపల తీస్తే దారలు దారలుగా తెలుస్తాయి, బండ మీద విరిగే చోటు తెలుస్తుంది. ఆ వేగానికి చాలాసార్లు ఎన్‌డీ కూడా అక్కర్లేదు. పోలరైజర్ ఎలాగూ ఒకటి రెండు స్టాపులు తింటుంది, ఎఫ్/11 పెట్టి ఐఎస్ఓ తగ్గిస్తే మబ్బు రోజున అక్కడికే చేరతాం, మిగతాది సెన్సర్ స్టెబిలైజేషన్ చూసుకుంటుంది. ఎఫ్/22 దాకా మూయడం మాత్రం వద్దు. చిన్న రంధ్రం దగ్గర కాంతి వంగి బొమ్మంతా మెత్తబడుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో పట్టపగలు అయితే కథ మారుతుంది: ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర 1/400 ఉంటుంది, అలను పొగమంచు చేయాలంటే ఎన్‌డీ1000 పెట్టినా వచ్చేది రెండున్నర సెకన్లే. పాత కెమెరాల్లో ఈ ఫిల్టర్ పెడితే వ్యూఫైండర్ అమావాస్య అయ్యేది. ఫ్రేము కుదుర్చుకున్నాక బిగించుకోవాల్సి వచ్చేది. మిర్రర్‌లెస్ తెర వెలుతురును పెంచి చూపిస్తుంది గనక బిగించి ఉంచే ఫోకస్ చేసుకోవచ్చు. అద్దం పోయినందుకు ఫిల్టర్లవాళ్లకు దక్కిన నిజమైన లాభం ఇదే.

అయితే ఎన్‌డీ సింహాసనం కూడా కదులుతోంది. 2019లో ఒలింపస్ ఈ-ఎం1ఎక్స్ వరసగా తీసిన చిత్రాలను కెమెరాలోనే కలిపి ఎన్‌డీ ఫలితం ఇవ్వడం మొదలెట్టింది. అలాంటి కెమెరా ఉన్నవాళ్లకు బలహీనమైన ఎన్‌డీలు అనవసరం. గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ సంగతి ఇంకా తేలిక. పైన ముదురుగా, కింద తేటగా ఉండే ఆ గాజు సముద్రపు గీత లాంటి తిన్నని దిగంతానికి సరిపోతుంది; కోట బురుజు పైకి లేచిన చోట బురుజు సగాన్నీ నల్లబరుస్తుంది. రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలుపుకోవచ్చు, లేదా రా ఫైల్‌లో నీడల్ని పైకి లేపుకోవచ్చు. దాన్ని మోయమని ఎవరికీ చెప్పను. వేరియబుల్ ఎన్‌డీ వీడియో తీసేవాళ్ల వస్తువు: సెకనుకు 25 ఫ్రేములకు షట్టర్ 1/50 దగ్గర నిలపాలంటే ఎండలో అది కావాలి. ఫొటోలకు వాడి గట్టిగా తిప్పితే వైడ్ లెన్సులో అడ్డంగా నల్లని ఇంటూ గుర్తు పడుతుంది. దీపాల చుట్టూ మంచు కమ్మించే మిస్ట్ ఫిల్టర్లు ఫ్యాషన్. ఫ్యాషన్ పోయాక ఫొటోలోంచి మంచు తీయలేం.

లెన్సులన్నిటికీ వేర్వేరు ఫిల్టర్లు కొనడం డబ్బు దండగ. టామ్రాన్ సోనీ కోసం చేసిన 17-28, 28-75, 70-180, 28-200 నాలుగింటికీ ముందు మర 67 మి.మీ.యే, అలా కుదరనివాళ్లు పెద్ద లెన్సుకు సరిపడా 77 లేదా 82 కొని, చిన్నవాటికి స్టెప్‌అప్ రింగులు పెట్టుకోవచ్చు. రింగు పెడితే హుడ్ ఎక్కదు, ఆ ఇబ్బంది భరించాలి.

ట్రైపాడ్ మాటేమిటి? 1882లో బ్రిటిష్ అధికారి లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతంలో తిరిగి కట్టడాల్ని చిత్రించినప్పుడు, తర్వాత నిజాం ఆస్థానంలో, సికింద్రాబాద్ స్టూడియోలో, ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్‌కు ముక్కాలి లేనిదే ఫొటో లేదు. ఇప్పుడు పురావస్తు శాఖ కట్టడాల గేటు దగ్గర కెమెరాకు అడ్డు లేకపోయినా ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి అడుగుతారు. తిరుమల లాంటి చోట కెమెరానే లోపలికి రాదు. రెండు కిలోల ముక్కాలిని మోసుకెళ్లి కౌంటర్లో అప్పజెప్పడం కన్నా ఎఫ్/1.8 లెన్సు మేలు. మిగిలే బరువులో బ్యాటరీలు పెట్టుకోవాలి. ఒకే ప్రమాణ పరీక్షలో నికాన్ డి850 ఒక చార్జితో 1840 ఫొటోలు తీస్తే, మిర్రర్‌లెస్ జడ్ 7కు వచ్చింది 330. వాడకంలో అంతకన్నా ఎక్కువే వస్తాయి గానీ అదనంగా రెండు లేనిదే బయల్దేరకూడదు. విమానంలో అవి చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయనివ్వరు.

ఇంట్లో వదిలేసిన లెన్సులకు కూడా జాగ్రత్త కావాలి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో బీరువాలో, అందులోనూ తోలు సంచిలో పెట్టి నెలల తరబడి తీయని లెన్సు లోపల బూజు తీగలు పాకుతాయి. గాలిలో తేమ 40-50 శాతం దగ్గర నిలిపే డ్రై క్యాబినెట్ ఉంటే సరే. లేదంటే మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, చవకగా దొరికే తేమ కొలిచే మీటరు చాలు. ఎప్పటికీ సంచిలోకి ఎక్కని లెన్సు అయితే బూజు పట్టకముందే అమ్మేస్తే, పోలరైజర్ ఖర్చు అందులోంచే వచ్చేస్తుంది.